‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఎక్కడ?

మే నెలలో వాతావరణ కేంద్రం ఇచ్చే సూచనల్లో, రాష్ట్రంలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులు, ఈదురు గాలులతో వర్షం కురిసే అవకాశం ఉందన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. చాలామంది దీన్ని తప్పించుకునే మాటగానే లెక్కవేస్తారు. నిజానికి దాని వెనక ఒక కొలత ఉంది. భారత వాతావరణ విభాగం పరిభాషలో ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించని వాటిలో వాన నమోదవుతుందని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం, ‘చాలా చోట్ల’ అంటే 51 నుంచి 75 శాతం. ఆ పాతిక శాతంలో మన ఊరు ఉందో లేదో ముందురోజే ఎందుకు చెప్పలేరన్నది వేరే ప్రశ్న; దానికి జవాబు మేఘం పుట్టే తీరులో ఉంది.

బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి కోస్తాను దాటి తెలంగాణ, రాయలసీమల్లోకి చేరుతుంది. నేల కాగి, ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలకు చేరిన రోజున, పైన అయిదారు కిలోమీటర్ల ఎత్తులో గాలి చల్లగా ఉంటే, కింది వేడి గాలి ఎగసిపడటానికి సిద్ధంగా ఉన్నట్టే. అయితే చాలా రోజుల్లో ఈ రెంటికీ మధ్య ఒక వెచ్చని పొర కుండమీద మూతలా కూర్చుని ఉంటుంది. అది కదలకపోతే సాయంత్రం దాకా ఉక్కపోతే తప్ప చినుకు రాలదు. కదిలితే మాత్రం, అంతసేపూ అణగి ఉన్న శక్తి అంతా ఒక్కసారిగా వెలువడి, గంట తిరిగేలోపే పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ మేఘం, అంటే ఉరుములు మెరుపుల మేఘం, నిలుస్తుంది. విదర్భ వైపు నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా సాగే ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, ఆ మూతను ఎత్తే పనిని తరచుగా చేస్తుంది, ఎందుకంటే దాని పొడవునా రెండు వైపుల గాలులు కలుసుకుని పైకి లేస్తాయి.

తేమ ఎంత, మూత ఎంత గట్టిది, ద్రోణి ఎక్కడుంది అన్నవి ముందురోజే చాలావరకు తెలుస్తాయి. ఉదయం, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ఎగరేసే బెలూన్లు గాలి పొరల ఉష్ణోగ్రతను, తేమను కొలిచి పంపుతాయి. 2025 మేలో అందుబాటులోకి వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ వ్యవస్థ అనే కంప్యూటర్ నమూనా నేలను ఆరు కిలోమీటర్ల గళ్లుగా విడదీసి వాతావరణాన్ని లెక్క కడుతుంది. అంతకుముందు గడి పన్నెండు కిలోమీటర్లు. కానీ ఒక ఉరుముల మేఘం అడుగు వెడల్పే అయిదారు కిలోమీటర్లు ఉంటే, అది ఒకే గడిలో ఇమిడిపోతుంది. అందువల్ల నమూనా చెప్పగలిగింది మేఘం పుట్టడానికి అనువైన చోటునే, మేఘం చిరునామాను కాదు.

చిరునామా తెలిసేది డాప్లర్ రాడార్ తెరమీద. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలలోని రాడార్లు కొద్ది నిమిషాలకొకసారి ఆకాశాన్ని గాలించి, ఏ మేఘం పెరుగుతోందో, ఎటు కదులుతోందో చూపుతాయి. వాటి ఆధారంగా రానున్న మూడు గంటలకు జిల్లాల వారీ హెచ్చరికలు వెలువడతాయి. ఇక్కడా ఒక చిక్కుంది. కురుస్తున్న మేఘం నుంచి జారిన చల్లగాలి నేలమీద పరుచుకుంటూ పోయి, ఇంకో మేఘపు చల్లగాలిని ఢీకొన్న చోట అప్పటిదాకా లేని మూడో మేఘం లేస్తుంది. ఇలాంటి గొలుసు ఎంత దూరం పాకగలదంటే, 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి.

వరద ముప్పును అంచనా వేసేటప్పుడు ప్రశ్న తలకిందులవుతుంది. ఎంత వాన పడుతుందన్నది ఒక్కటే చాలదు, ఈ వాగు పొంగడానికి ఇంకా ఎంత వాన చాలునన్నది కూడా తెలియాలి. 2020 అక్టోబరులో మొదలైన దక్షిణాసియా ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థ చేసే లెక్క ఇదే: నేలలోని తడిని గమనించి, చిన్న చిన్న పరీవాహక ప్రాంతాలకు రానున్న ఆరు గంటలకు ముప్పును చెబుతుంది. మే నెలలో బీటలు వారిన నల్లరేగడి ఒక జోరువానను తాగేయగలదు. కాంక్రీటు తాగదు. ఒక చదరపు కిలోమీటరు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే అయిదు కోట్ల లీటర్ల నీరవుతుంది. హైదరాబాద్‌లో అదంతా వేసవి పొడుగునా చెత్తతో నిండిన నాలాల్లోకే పరుగెత్తాలి. 2024 మే 7న అక్కడి బాచుపల్లిలో వానకు గోడ కూలి ఏడుగురు చనిపోయారు.

నా ఉద్దేశంలో మన సూచనల్లో అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది ‘భారీ’ అన్న మాట. వాతావరణ విభాగం లెక్కలో అది ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసే 24 గంటల మొత్తం 64.5 మిల్లీమీటర్లకు చేరినప్పుడే వర్తిస్తుంది. నలభై నిమిషాల్లో 50 మిల్లీమీటర్లు కుమ్మరించి, రైలు వంతెన కింద కార్లను ముంచిన వాన మర్నాటి పట్టికలో ‘మోస్తరు’ వర్షంగానే చేరుతుంది.