చైనా తీర్పులు అందరికీ ఉచితంగా: అపోహలు - వాస్తవాలు

చైనా కోర్టు తీర్పులను సేకరించి, అనువదించి, ఏ దేశపు పరిశోధకుడైనా పైసా కట్టకుండా చదువుకునేలా పెట్టే పనిలో తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: అక్కడ పాత తీర్పులకు విలువ లేదు.

సుప్రీంకోర్టు చెప్పిన చట్టాన్ని కోర్టులన్నీ పాటించాలనే మన రాజ్యాంగంలోని 141వ అధికరణం లాంటిది అక్కడ లేదు, నిజమే. కానీ చైనా అత్యున్నత న్యాయస్థానమైన సుప్రీం పీపుల్స్ కోర్టు 2010 నవంబరులో మార్గదర్శక కేసుల నిబంధనలు తెచ్చింది. 2011 డిసెంబరులో తొలి విడతగా 4 కేసులు వెలువడ్డాయి. అదే తరహా వివాదం వస్తే కింది కోర్టులు వీటిని చూసి తీరాలి. 2015 నాటి అమలు నియమాల ప్రకారం, తీర్పులో కారణాలు వివరించే చోట వీటిని ఉదహరించాలి. తీర్పుకు ఆధారంగా మాత్రం చట్టాన్నే చూపాలి.

అపోహ: మార్గదర్శక కేసు అంటే అసలు తీర్పు పాఠమే.

కాదు. అసలు తీర్పును కుదించి, శీర్షిక, కీలకపదాలు, తీర్పు సారం, సంబంధిత సెక్షన్లు, వాస్తవాలు, ఫలితం, కారణాలు అనే వరసలో తిరగరాసిన పాఠం అది. తర్వాతి కోర్టులు పాటించాల్సింది అందులోని 'తీర్పు సారం' భాగాన్ని. అసలు తీర్పు దొరికితే పక్కనే పెట్టండి. కుదింపులో ఏం జారిపోయిందో చదివేవారికి తెలియాలి. ప్రతి కేసుకూ 'అమల్లో ఉందా' అన్న గడి కూడా తప్పనిసరి. చైనా సివిల్ కోడ్ వచ్చాక, 2021 జనవరి 1 నుంచి 9, 20 నంబరు కేసులను ఇక అనుసరించనక్కర్లేదని సుప్రీం పీపుల్స్ కోర్టే ప్రకటించింది.

అపోహ: మెషీన్ అనువాదం చాలు.

అసలు ప్రమాదం ఇక్కడే. చైనీస్‌లో 'బోహుయ్ చీసు' అని ఒకటి, 'బోహుయ్ సుసోంగ్ చింగ్‌చియు' అని ఇంకొకటి ఉన్నాయి. యంత్రం రెంటినీ 'కొట్టివేశారు' అనేస్తుంది. మొదటిది మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7, రూల్ 11 కింద వాదపత్రం తిరస్కరించడానికి దగ్గర: లోపం సరిచేసుకుని మళ్లీ దావా వేసుకోవచ్చు. రెండోది విచారణ జరిగి వాది కోరికను కాదన్న తీర్పు. రెంటినీ కలిపేస్తే వాది ఓడాడా, గుమ్మం దగ్గరే ఆగాడా అన్నది తారుమారవుతుంది. ఇలాంటి జంటలకు ముందే పదపట్టిక రాసుకుని, అనువాదకులందరితో అదే వాడించండి. సందేహం వస్తే పత్రం పేరు చూడండి: మొదటిది 'త్సైడింగ్' అనే ఉత్తర్వుగా, రెండోది 'పాన్‌జ్యుయె' అనే తీర్పుగా వస్తుంది.

అపోహ: అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, దించుకోవడమే.

కోర్టు తీర్పుల కోసం 2013లో మొదలైన అధికారిక వెబ్‌సైట్ చైనా జడ్జిమెంట్స్ ఆన్‌లైన్‌లో 2020 ఆగస్టుకల్లా 10 కోట్లకు పైగా పత్రాలు చేరాయి. 2021 నుంచి కొత్తవి బాగా తగ్గాయి. కొన్ని పాతవి కనిపించకుండా పోయాయి కూడా. విడాకులు, బాలల నేరాలు, రాజీ పత్రాల వంటివి సాధారణంగా పెట్టకూడదని 2016 నిబంధనే చెబుతుంది. 2024 ఫిబ్రవరిలో 3,711 కేసులతో తెరిచిన పీపుల్స్ కోర్ట్ కేస్ డేటాబేస్‌లో ఉన్నవన్నీ ఏరి పెట్టినవే. కాబట్టి దొరికిన తీర్పులను లెక్కపెట్టి 'చైనా కోర్టులు ఇలా చేస్తాయి' అనకండి. దొరికినదాన్ని ఆ రోజే భద్రపరచండి: పేజీ నకలు, చిరునామా, తీసిన తేదీ, ఫైలు మారలేదని చూపే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్.

అపోహ: కేసు నంబరు ఉంటే వెతకడం తేలిక.

2016 నుంచి ఉన్న పద్ధతిలో నంబరే చాలా చెబుతుంది: బ్రాకెట్లలో సంవత్సరం, తర్వాత కోర్టు సంకేతం (జింగ్ 0105 అంటే బీజింగ్ చావోయాంగ్ జిల్లా కోర్టు), తర్వాత కేసు రకం. 'మిన్ చు' అంటే సివిల్‌లో మొదటి కోర్టు, 'మిన్ జోంగ్' అంటే అప్పీలు. చిక్కంతా బ్రాకెట్లతోనే. చైనీస్ కీబోర్డు కొట్టేవి పూర్తి అక్షరమంత వెడల్పువి, మనవి సగం. కంప్యూటర్‌కు అవి వేర్వేరు గుర్తులు, అందుకే తీర్పు ఉన్నా ఫలితం సున్నా. నంబరును ఉన్నదున్నట్టు ఒక గడిలో, బ్రాకెట్లు సరిచేసి ఇంకో గడిలో ఉంచండి.

అపోహ: కాపీరైట్ లేదు కాబట్టి ఏదైనా పెట్టేయొచ్చు.

చైనా కాపీరైట్ చట్టం 5వ అధికరణం తీర్పులకు, వాటి అధికారిక అనువాదాలకు రక్షణ ఇవ్వదు. ప్రైవేటు డేటాబేస్‌లు రాసుకున్న సారాంశాల సంగతి వేరు, వాటిని ముట్టుకోవద్దు. వ్యక్తుల పేర్లు ఇంకో చిక్కు: వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2021 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. బహిరంగమైన సమాచారాన్నయినా సహేతుకమైన మేరకే వాడాలంటుంది. అనువాదంలో వ్యక్తి పేరు బదులు ఒక అక్షరం పెట్టండి. అప్పీలు తీర్పులోనూ ఆ మనిషికి అదే అక్షరం ఉండాలి, లేకపోతే రెండు తీర్పులూ ఒకే వివాదానివని చదివేవారు పోల్చుకోలేరు.