శని పక్కనున్న చిన్న చందమామ మీద ఇంత ఆశ ఎందుకు?

భూమి బయట జీవం కోసం ఎక్కడ వెతకాలి అంటే చాలాకాలం అందరూ అంగారకుడి పేరే చెప్పేవారు. ఇప్పుడు ఆ వరసలో ఎన్సెలాడస్ కూడా ముందుకొచ్చింది. శని చుట్టూ తిరిగే ఈ చందమామ అడ్డకొలత 500 కి.మీ. మాత్రమే, ఒళ్లంతా మంచు, పైన చలి మైనస్ 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. అలాంటి చోట జీవం ఏమిటని అనిపించడం సహజమే, అందుకే కాస్త వెనక్కి వెళ్లాలి.

1977లో గలాపగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో కొందరు భూగర్భ శాస్త్రవేత్తలు దాదాపు 2,500 మీటర్ల లోతుకు దిగారు. వేడినీటి ఊటలు ఉంటాయేమో చూద్దామని వెళ్లినవాళ్లకు, ఎండపొడ సోకని ఆ చీకట్లో ఊటల చుట్టూ పెద్ద పెద్ద ఆల్చిప్పలు, పీతలు, గొట్టాల్లో బతికే పురుగులు కనిపించాయి. ఆ బృందంలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు, ఎందుకంటే అక్కడ ప్రాణులుంటాయని ఎవరూ అనుకోలేదు. రాళ్ల నుంచి వచ్చే రసాయనాలతో బాక్టీరియా బతుకుతుంటే, వాటి మీద మిగతావన్నీ బతుకుతున్నాయి. నా దృష్టిలో ఈ కథంతటికీ అసలు మలుపు ఇదే.

మరి సూర్యుడికి అంత దూరంలో ఉన్న మంచు చందమామల్లో వేడి ఎక్కడిది? 1979 మార్చిలో స్టాంటన్ పీల్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి లెక్కగట్టి, గురుడి ఆకర్షణ ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా లాగుతుండటం వల్ల అయో అనే చందమామ లోపల కరిగిపోయి ఉండాలన్నారు. తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కుతుంది కదా, అదే సూత్రం. ఆ వ్యాసం అచ్చయిన కొద్ది రోజులకే వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక ఫొటోల్లో అయో మీద అగ్నిపర్వతం బయటపడింది. అంటే సూర్యుడికి దూరమైనా లోపల వేడి పుట్టవచ్చన్నమాట. తర్వాత గెలీలియో నౌక, గురుడి మరో చందమామ యూరోపా మంచు కింద ఉప్పునీటి సముద్రం ఉండొచ్చని అయస్కాంత క్షేత్రం కొలతలతో చూపించింది.

ఎన్సెలాడస్ గుట్టు కూడా మొదట బయటపెట్టింది కెమెరా కాదు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరమే. 2005 ఫిబ్రవరిలో, శని చుట్టూ తిరుగుతున్న కాసినీ నౌక దాని పక్కగా వెళ్లినప్పుడు శని అయస్కాంత రేఖలు ఆ చందమామ దగ్గర ఏదో అడ్డు తగిలినట్టు వంగాయి. ఆ పరికరం బాధ్యత చూస్తున్న మిషెల్ డోహర్టీ బృందం పట్టుబట్టి, జులైలో నౌకను సుమారు 170 కి.మీ. దగ్గరికి పంపేలా ఒప్పించింది. వెళ్లి చూస్తే దక్షిణ ధ్రువంలో నాలుగు పొడవాటి పగుళ్లు, చుట్టుపక్కల కన్నా వెచ్చగా ఉన్నాయి, వాటిలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి. ఆ ఒక్క పట్టుదల లేకపోతే ఇదంతా ఎప్పటికి తెలిసేదో!

ఆ తర్వాత కాసినీ ఆ జల్లులోంచే చాలాసార్లు దూసుకెళ్లింది. రేణువుల్లో ఉప్పు దొరికింది, అడుగున వేడినీరు రాళ్లను తాకుతోందనడానికి గుర్తుగా సన్నటి సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) దొరికింది, 2017లో హైడ్రోజన్ సంగతి ప్రకటించారు, 2023లో పాత డేటాను మళ్లీ తిరగేస్తే జీవానికి అవసరమైన ఫాస్ఫేట్లు కూడా కనిపించాయి. భూమి మీద కొన్ని సూక్ష్మజీవులకు హైడ్రోజన్ ఆహారం. అయితే దీనికి రెండో వైపూ ఉంది, తినేవాళ్లుంటే అంత హైడ్రోజన్ మిగిలేదా అని కొందరు అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే.

దీనికి జవాబు చెప్పే శక్తి కాసినీకి లేదు. అది 1997లో బయలుదేరిన నౌక, ఆవిరిని పరీక్షించిన పరికరం చిన్న అణువులనే తూచగలదు. ఇంధనం అయిపోవస్తుంటే, దానికి అంటుకుని వెళ్లిన భూమి సూక్ష్మజీవులేమైనా ఎన్సెలాడస్ మీద పడతాయన్న భయంతో 2017 సెప్టెంబర్ 15న దాన్ని శనిలోకే తోసి కాల్చేశారు.

2024 అక్టోబర్‌లో యూరోపా కోసం బయలుదేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో గురుడిని చేరుతుంది, కానీ దాని పని అక్కడ జీవానికి అనువైన పరిస్థితులున్నాయా అని చూడటం వరకే. ఎన్సెలాడస్‌లో మంచు తవ్వే పని కూడా లేదు, నీళ్లు వాటంతటవే బయటికి వస్తున్నాయి. అయినా 2022లో అమెరికా శాస్త్రవేత్తలు రాసుకున్న పెద్ద ప్రాజెక్టుల వరసలో ఎన్సెలాడస్‌కు యురేనస్ తర్వాత రెండో స్థానమే దక్కింది. యూరప్ 2024లో దీన్నే తన ముఖ్య లక్ష్యంగా పెట్టుకుంది గానీ ప్రయోగం 2040లలో. ఇంత తేలిగ్గా నమూనా దొరికే చోటుకి ఇంత ఆలస్యం చేయడం నాకైతే సరిగ్గా అనిపించడం లేదు.