ఎవరి కుడి, ఎవరి ఎడమ?

ఛాతీ ఎక్స్‌రే చేతికి రాగానే గుండె నీడ కుడిపక్కకు ఉందే అని కంగారు పడేవాళ్లు చాలామంది. గుండె ఉండాల్సిన చోటే ఉంది. మనిషి మనకు ఎదురుగా నిలబడినట్టు ఊహించుకుని ఆ ఫిల్మును చూడాలి. అతని ఎడమ మన కుడికి వస్తుంది. సీటీ స్కాన్‌లో శరీరాన్ని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మల్లో వెల్లకిలా పడుకున్న మనిషిని పాదాల వైపు నుంచి చూస్తాం కాబట్టి కాలేయం బొమ్మకు ఎడమపక్కన కనిపిస్తుంది. వైద్యంలో కుడి అంటే రోగి కుడి, అంతే. నిజంగానే గుండె కుడివైపు ఉండేవాళ్లు అరుదుగా ఉంటారు. అందుకే ఫిల్ము అంచున ఆర్ (కుడి) లేక ఎల్ (ఎడమ) అక్షరం లేకపోతే ఏ పక్కో తేల్చడం ప్రమాదం.

శరీరాన్ని వర్ణించే మాటలన్నీ ఒక్క భంగిమ మీద ఆధారపడ్డాయి: నిటారుగా నిలబడి, చూపు, పాదాలు ముందుకు, చేతులు పక్కలకు జారవిడిచి, అరచేతులు ముందుకు. అరచేతుల సంగతి ముఖ్యం. అలా ఉంచితేనే ముంజేతిలోని రేడియస్, అల్నా ఎముకలు సమాంతరంగా ఉంటాయి. అరచెయ్యి వెనక్కి తిప్పితే రేడియస్ అల్నా మీదుగా అడ్డం పడుతుంది, బొటనవేలు లోపలికి వస్తుంది. రోగి బోర్లా పడుకున్నా వీపు 'పోస్టీరియర్' అంటే వెనుకభాగమే, పైభాగం కాదు.

నడిమిరేఖకు దగ్గరైతే మీడియల్, దూరమైతే లేటరల్. కంటితో పోలిస్తే ముక్కు మీడియల్, చెవి లేటరల్. రిపోర్టులు చదివేవారికి ఎక్కువగా అక్కరకొచ్చేది ప్రాక్సిమల్, డిస్టల్ జంట. కాలూచేతులు మొండేనికి అతుక్కున్న చోటికి దగ్గరిది ప్రాక్సిమల్, దూరానిది డిస్టల్. 'డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్' అని ఉంటే మణికట్టు దగ్గర విరిగిందన్నమాట. జారిపడుతూ చెయ్యి ఆన్చినప్పుడు తరచుగా విరిగేది అక్కడే.

వెన్ను ఎంఆర్ఐలో సాజిటల్ అంటే పక్క నుంచి చూసే నిలువుకోత. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, అంటే డిస్కులన్నీ వరుసగా కనిపిస్తాయి. నరం ఏ పక్కన నొక్కుకుపోయిందో ఆక్సియల్, అంటే అడ్డుకోత, బాగా చెబుతుంది.

పొరపాటుకు ఎక్కువ తావున్నది లెక్కలో. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 వెన్నుపూసలు మామూలు. కొందరిలో నడుములోని ఐదోది దాని కిందుండే త్రికోణపు ఎముకతో, అంటే త్రికాస్థితో అతుక్కుపోతుంది, కొందరిలో త్రికాస్థి మొదటి పూస విడిపడి ఆరోదిలా కనిపిస్తుంది. కింది నుంచి లెక్కించినవారికి, పైనుంచి లెక్కించినవారికి 'ఎల్4-ఎల్5', అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య చోటు, వేర్వేరు చోట్లు కావచ్చు. ఆపరేషన్ బల్ల మీద ఎక్స్‌రే తీసి మళ్లీ లెక్కపెట్టేది ఇందుకే. వేళ్లదీ ఇదే చిక్కు: బొటనవేలిని కలిపితే మూడోది నడిమివేలు, వదిలేస్తే ఉంగరపువేలు. కాబట్టి సంఖ్య కాకుండా వేలి పేరే రాయాలి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన శస్త్రచికిత్స చెక్‌లిస్టు ప్రకారం మత్తు ఇవ్వకముందే కోయాల్సిన చోటును రోగి చేతనే ధ్రువీకరించుకోవాలి, అక్కడ గుర్తు పెట్టారో లేదో చూడాలి. కత్తి పెట్టేముందు సర్జన్, మత్తు డాక్టరు, నర్సు కలిసి రోగి పేరు, ఆపరేషన్, చోటు పైకి చెప్పుకోవాలి. ఆ గుర్తు సరైన పక్కనే ఉందో లేదో రోగి మెలకువగా ఉండగానే చూసుకోవచ్చు, అడగవచ్చు.