అడగకుండా దిగిన డేటాబేస్: స్లామర్ నుంచి రీకాల్ దాకా

స్క్రీన్‌ను ఎప్పటికప్పుడు ఫొటోలు తీసి దాచుకుని, తర్వాత వెతికిపెట్టే విండోస్ రీకాల్ మీద రగడ మళ్లీ మొదలవడంతో పాత ప్రశ్న ముందుకొచ్చింది. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ వెనకాల నడిచే డేటాబేస్‌ల గురించి మామూలు యూజర్లు పట్టించుకోవాలా? ర్యామ్ ఎంత తింటోందన్న దగ్గరే చాలామంది వాదన ఆగిపోతోంది. అసలు సమస్య 2003 జనవరి 25న బయటపడింది.

ఆ రోజు ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని లోపాన్ని వాడుకుని సుమారు 10 నిమిషాల్లో 75,000 కంప్యూటర్లకు పాకింది. దాని సైజు 376 బైట్లే. యూడీపీ 1434 పోర్టుకు, అంటే ఆ డేటాబేస్ నెట్‌వర్క్ కోసం తెరిచి ఉంచే ద్వారానికి, ఒక్క ప్యాకెట్ చేరితే చాలు, కంప్యూటర్ దాని చేతికి చిక్కేది. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు చాలాచోట్ల మొరాయించాయి.

ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2002 జులైలోనే ఇచ్చింది, నిజమే. కానీ ప్యాచ్ వేసుకోవాలంటే అసలు డేటాబేస్ ఉందని తెలియాలి కదా! ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000కు ఎంఎస్‌డీఈ అనే ఉచిత రూపం ఉండేది. అది రకరకాల సాఫ్ట్‌వేర్‌లతో కలిసి వచ్చేది. డేటాబేస్ పేరు కూడా వినని వాళ్ల కంప్యూటర్లలో అది పోర్టు తెరుచుకుని కూర్చుంది. వాళ్లను అజాగ్రత్తపరులు అనడం అన్యాయం. ఆ తర్వాతే సర్వీస్ ప్యాక్ 3ఏ అనే అప్‌డేట్‌తో, కొత్తగా వేసుకునే ఎంఎస్‌డీఈలో నెట్‌వర్క్‌ను ముందే ఆపేసి ఇవ్వడం మొదలైంది.

లినక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాళ్ల అకొనాడి అనే సర్వీసు మెయిల్ కోసం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను నడిపినప్పుడూ జనం విసుక్కున్నారు. అయితే దాని సెట్టింగుల్లో నెట్‌వర్క్ మూసే ఉంటుంది. అక్కడ ఇబ్బంది కంప్యూటర్ మీద పడే బరువే తప్ప ప్రమాదం కాదు.

రీకాల్ సంగతి వేరు. 2024 మేలో ప్రకటించినప్పుడు, స్క్రీన్ మీద కనిపించిన రాతంతా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైల్‌లో చేరేది. యూజర్ లాగిన్ అయి ఉంటే ఇతర ప్రోగ్రాములూ దాన్ని చదవగలవని పరిశోధకులు చూపించారు. పోర్టు లేకపోయినా గుట్టు బయటపడే దారి ఉందన్నమాట. జూన్‌లో విడుదల వాయిదా పడింది. ఎన్‌క్రిప్షన్, విండోస్ హలో (ముఖం, వేలిముద్ర లేదా పిన్‌తో యూజర్‌ను గుర్తించే ఏర్పాటు) తనిఖీ, యూజర్ ఒప్పుకుంటేనే ఆన్ అవడం వంటి మార్పులతో 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ జాగ్రత్తలన్నీ మొదటి రోజే ఉండాల్సినవి.

మన షాపుల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత రూపమైన ఎక్స్‌ప్రెస్ కూడా దిగడం మామూలే. ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాక కూడా డేటాబేస్ చాలాసార్లు అలాగే ఉండిపోతుంది, లోపల ఖాతాదారుల వివరాలతో సహా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఈ మాట చెప్పాల్సిన బాధ్యత అమ్మినవాళ్లదే.