జి.డి.నాయుడు పేరు గొడవ వెనక ఒక రాజీనామా

కోయంబత్తూరు ఫ్లైఓవర్ పేరు గొడవ మళ్ళీ లేచింది, ఈసారి మన భీమవరం, పాలకొల్లు వైపు వాట్సాప్ గ్రూపుల్లో కూడా. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద 10 కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్‌కి తమిళనాడు ప్రభుత్వం అక్కడి తెలుగు కుటుంబానికి చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త జి.డి.నాయుడు పేరు పెట్టింది, సరిగ్గా ఆ రోజుల్లోనే వీధులకున్న కులం పేర్లు తీసెయ్యమని జీవో కూడా ఇచ్చింది, మరి నాయుడు అంటే ఏంటని జనం అడిగారు. అడగాల్సిందే. మన గ్రూపుల్లో మాత్రం తెలుగోడు, మావోడు అన్నదగ్గరే ఆగిపోతున్నారు.

ఆయన హోటల్లో సర్వర్ పని చేసి బైక్ కొని విప్పదీసిన కథ, 1920లో పొల్లాచ్చి-పళని బస్సు నడిపిన కథ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 1945లో కోయంబత్తూరులో పెట్టిన ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కాలేజీ. దానికి డబ్బిచ్చింది నాయుడే, ప్రిన్సిపాలూ ఆయనే. నాలుగేళ్ళ కోర్సు టైం వేస్టు, ఆ టైంలో రెండు కోర్సులు నేర్పొచ్చు అన్నాడు, ప్రభుత్వం ఒప్పుకోలా, రాజీనామా చేసి వచ్చేశాడు. డిగ్రీకి ఒక కొలత ఉండాలనేవాళ్ళ మాటా కాదనలేం. కానీ ఆయన గాల్లో మాట్లాడలేదు. 1932లో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటొచ్చాక కోయంబత్తూరులో మిల్లులు పెరిగాయి, 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేయించాడు, చిన్నప్పుడు బడికి సరిగ్గా పోని మనిషి. పని చేస్తూ నేర్చుకోవడమంటే ఏంటో ఆయనకి బాగా తెలుసు.

తర్వాత కాలేజీ వేరే చోటికి పోయింది గానీ అవినాశి రోడ్డు మీద ఆ స్టాపు ఇప్పటికీ మద్రాసు గవర్నరు హోప్ పేరుతోనే ఉంది, కొత్త ఫ్లైఓవర్ అటుగానే పోద్ది. ఆ హోప్ పేరు మీద గొడవ పడ్డవాళ్ళు నాకైతే కనపడలేదు.

ఇక మన దగ్గరికొద్దాం. భీమవరం దగ్గర ఉండి, ఆకివీడు ఊళ్ళ రొయ్యల చెరువుల మీద రాత్రి ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) మోటారు కాలిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది, రైతు పరిగెత్తేది వైండింగ్ షాపుకే. కుర్రోడు కాలిన రాగి తీగంతా లాగేసి, స్లాట్లలో కొత్త కాగితం దోపి, చుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టిస్తాడు, ఎక్కడా ఎవరూ క్లాసు చెప్పలేదు, మేస్త్రీ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. నాయుడు ఆ కాలేజీలో కొట్లాడింది ఇలాంటోళ్ళ కోసమే అని నా నమ్మకం. ఐటీఐలు ఉన్నాయి నిజమే, కానీ ఎనిమిదో క్లాసు దగ్గరే చదువు ఆగిపోయినోడు రేపు కంపెనీ గేటు దగ్గరికెళ్తే ముందు సర్టిఫికెట్టే అడుగుతున్నారు, మోటారు విప్పమని అడగట్లేదు.