రెజ్యూమ్ అపోహలు - వాస్తవాలు: మామిడి ఫ్యాక్టరీలో చేసిన పనిని ఎందుకప్పా దాస్తారు?

తిరుపతిలో రిక్రూట్‌మెంట్ పని చేస్తా ఉండా, 11 ఏళ్లయింది. రేణిగుంట పక్క ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, శ్రీసిటీ కంపెనీలు, చిత్తూరు సైడ్ డెయిరీలు, ఇక్కడి హోటళ్లు, వీళ్లకి మనుషుల్ని చూసిపెట్టేది నా పని. నాకొచ్చే రెజ్యూమ్‌లలో సగం ఒకే జిరాక్స్ షాపులో పుట్టినట్టు ఉంటాయి, నిజంగా పుట్టినవే లెండి, పాత ఫైల్ తెరిచి పేరు మార్చి ప్రింట్ తీసిచ్చేస్తారు, ఒకసారి ఒకబ్బాయి రెజ్యూమ్ కింద డిక్లరేషన్‌లో వేరే అమ్మాయి పేరు అట్లే ఉండిపోయింది.

అపోహ: పే స్లిప్ ఉంటేనే ఎక్స్‌పీరియన్స్

మా ఏరియాలో అన్నిటికన్నా ఎక్కువ మంది నష్టపోయేది దీంతోనే. బంగారుపాళ్యం పక్కనుంచి ఒకబ్బాయి వచ్చినాడు, బీఎస్సీ, డెయిరీలో ల్యాబ్ పోస్టుకి. ఎక్స్‌పీరియన్స్ దగ్గర ఫ్రెషర్ అని ఒక్క ముక్క. ఎండాకాలం సెలవుల్లో ఏం చేసేవాడివి నాయనా అంటే, "సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతా ఉంటిని సార్, అది లెక్కలోకి రాదులే" అన్నాడు. అక్కడ ఏం పని అని రొంత తవ్వితే బయటికొచ్చింది: తోతాపురి లోడు దిగేటప్పుడు మాగిందీ మాగనిదీ వేరు చేయించేది, గుజ్జు శాంపిల్ తీసి రిఫ్రాక్టోమీటర్‌లో బ్రిక్స్ చూసేది, అంటే తీపి ఎంతుందో కొలిచేది, ఆ రీడింగ్ రిజిస్టర్‌లో ఎక్కించేది, డ్రమ్ముల మీద బ్యాచ్ నంబర్ వేసేది. ఇట్ల 3 సీజన్లు. మరి డెయిరీ ల్యాబ్‌లో ఏం చేస్తారు? శాంపిల్ తీస్తారు, లాక్టోమీటర్ పెడతారు, ఫ్యాట్ చూస్తారు, రిజిస్టర్‌లో రాస్తారు. మిషన్ మారింది గానీ పని అదే కదా!

ఆ 3 సీజన్లనీ నెలలతో సహా రాయించినా, వాటి కింద ఇందాక చెప్పిన నాలుగు పనులు నాలుగు లైన్లు. క్వాలిటీ ఎగ్జిక్యూటివ్ అని వేద్దామా సార్ అని అడిగినాడు, వద్దన్నా. హెల్పర్‌గా చేసినోడు హెల్పర్ అనే రాయాలి, హోదా పెంచితే ఫోన్ చేసి అడిగినప్పుడు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ నవ్వుతాడు. కింద రాసిన పనులే నీ సంగతి చెప్తాయి.

ఇంకొకమ్మాయి బస్టాండ్ దగ్గర లాడ్జిలో రెండేళ్లు రిసెప్షన్ చూసింది, కస్టమర్ సపోర్ట్ జాబ్‌కి వచ్చి "రిసెప్షనిస్ట్, 2 ఏళ్లు" అని రాసి వదిలేసింది. తిరుపతి లాడ్జి రిసెప్షన్ అంటే తమాషానా, బ్రహ్మోత్సవాలప్పుడు అర్ధరాత్రి పిల్లాజెల్లాతో దిగిన యాత్రికులకి రూములు లేవని తమిళంలో, హిందీలో, కన్నడలో గొడవ కాకుండా చెప్పి పంపించడం, ఆన్‌లైన్ బుకింగ్‌లు సరిచూడటం, విదేశీ గెస్ట్ వస్తే 24 గంటల్లోపల వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఎక్కించడం. ఇవేవీ రాయలేదు. తమిళం కూడా రాయలేదు, ఎందుకమ్మా అంటే ఇక్కడ అందరికీ వచ్చు కదన్నా అంది. ఇక్కడ అందరికీ వచ్చు, హైదరాబాద్‌లో కూర్చుని రెజ్యూమ్ చూసేవాడికి అది తెలీదు కదా. శ్రీసిటీ మాదిరి బోర్డర్‌లో ఉండే చోట తమిళం మాట్లాడే సూపర్‌వైజర్‌కి ఉండే విలువే వేరు.

అపోహ: నెలలు రొంత అటూ ఇటూ జరిపితే ఎవరూ కనిపెట్టలేరు

కనిపెడతారు. మీ పీఎఫ్ కట్టిన కంపెనీ అయితే యూఏఎన్ అని 12 అంకెల పీఎఫ్ నంబర్ ఉంటుంది, దాంట్లో సర్వీస్ హిస్టరీలో యాడ చేరినారు, ఎప్పుడు వదిలేసినారు తేదీలతో సహా ఉంటాది, వెరిఫికేషన్ చేసే కంపెనీలు ముందు అడిగేది అదే. 7 నెలల జాబ్‌ని ఏడాదిన్నర చేసి రాసి, సెలెక్ట్ అయ్యి, ఆఫర్ లెటర్ చేతికొచ్చినాక దీంతో పోగొట్టుకున్నవాళ్లని నేనే చూసినా. రెండేళ్లు గ్రూప్స్ కోచింగ్‌కి పోయినారా, ఆ మాటే ఒక లైన్ రాసేయండి, ఇక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్లలో కూడా గ్రూప్స్ రాసి వచ్చినవాళ్లు ఉంటారు. పీఎఫ్ లేని చిన్న షాపుల్లో చేసినవాళ్లు మాత్రం ఓనర్ దగ్గర ఒక లెటర్, జీతం బ్యాంక్‌లో పడుంటే ఆ స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి.

అపోహ: ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ రెజ్యూమ్‌ని తనే చదివి పారేస్తాది

యూట్యూబ్‌లో చూసొచ్చి ఇది అడగనివాళ్లు లేరు. ఏటీఎస్ అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్, కంపెనీలు వాడేది, చాలావరకు రెజ్యూమ్‌లు దాచిపెట్టి వెతుక్కునే బీరువా మాదిరి, అంతే. ఫలానా డిగ్రీ ఉందా, నైట్ షిఫ్ట్ ఓకేనా లాంటి ప్రశ్నలకి లేదు అంటే పక్కన పెట్టేలా సెట్ చేసుంటే అది వేరే సంగతి. రెండు కాలమ్‌లు, బాక్సులు, బొమ్మలు పెడితే మాత్రం అది కలగాపులగంగా చదవొచ్చు, కాబట్టి ఒకే కాలమ్‌లో మామూలుగా రాయండి. తెల్ల కలర్‌లో కీవర్డ్స్ దాచిపెట్టడం అనే ట్రిక్ దయచేసి వద్దు, సిస్టమ్‌లోకి ఎక్కినాక అవన్నీ మామూలు అక్షరాలై మా కళ్లముందే కనిపిస్తాయి. అయినా మన పక్క వాకిన్ ఇంటర్వ్యూలలో చాలాచోట్ల ఏటీఎస్ లేదు గీటీఎస్ లేదు, టేబుల్ అవతల కూర్చున్న మనిషి మీ పేపర్ తిప్పి చూస్తాడు, అది కూడా నిమిషం లోపలే.

అపోహ: స్కిల్స్ ఎన్ని ఉంటే అంత బరువు

సీ, జావా, ఫొటోషాప్, ట్యాలీ, హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్. అకౌంట్స్ పోస్టుకి ఇదంతా ఎందుకప్పా? ట్యాలీ అని రాసినావు, సరే, ట్యాలీలో ఏం చేసినావు? పర్చేజ్ ఎంట్రీలు వేసినావా, బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూసినావా, జీఎస్టీఆర్-1కి, అంటే అమ్మకాల జీఎస్టీ రిటర్న్‌కి, డేటా తీసిచ్చినావా? అది రాయి. ఎక్సెల్ 90 శాతం అని గీత గీసి రంగు నింపుతారు చూడండి, మిగతా 10 శాతం ఏందో నాకు ఇప్పటికీ అర్థం కాలే. వీలుకప్ వచ్చు, పివట్ వచ్చు అంటే చాలు, రాసింది అక్కడే చేసి చూపించమంటారు కాబట్టి చేయగలిగిందే రాయండి.

ఒకే రెజ్యూమ్ అన్నిటికీ పంపకండి, ఇది పెద్ద పనేం కాదు, ల్యాబ్ జాబ్‌కైతే ల్యాబ్ పని పైకి, సేల్స్‌కైతే సేల్స్ పని పైకి తెస్తే చాలు. తండ్రి పేరు, కులం, ఆధార్ నంబర్, పెళ్లయిందా లేదా, ఇవి రెజ్యూమ్‌లో అక్కర్లేదు, బయోడేటా పెళ్లిళ్ల పేరయ్యకి ఇచ్చుకోండి.

ఫోన్ నంబర్ మాత్రం రీఛార్జ్ ఉన్న సిమ్‌ది ఇవ్వండి సామీ. మూడోసారి కూడా స్విచాఫ్ వస్తే మేం లిస్టులో కింద పేరుకి పోతాం.