జెముడు రసం తాగితే ఒళ్లు, షుగరు తగ్గుతాయా?

పోయిన నెల గాజువాక నుంచి ఒకావిడ సీసాడు ఆకుపచ్చ రసం పట్టుకొచ్చారు. "మేడమ్, ఇది నాగజెముడు రసమట. పరగడుపునే తాగుతున్నాను. షుగరు మాత్ర ఆపేయొచ్చాండీ?" డైటీషియన్‌గా ఈ మధ్య ఈ ప్రశ్న తరచూ వింటున్నాను, అందుకే రాస్తున్నాను.

అపోహ: జెముళ్లన్నీ ఒకటే.

నాకు ఎక్కువ భయం దీని గురించే. మెక్సికోలో కూర వండుకునే నోపాల్ మన నాగజెముడికి దగ్గర చుట్టం. కంచెల్లో పెరిగే బొంతజెముడు, ఆకుజెముడు అసలు కాక్టస్‌లే కావు. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. ఒంటికి తగిలితే బొబ్బలు, కంట్లో పడితే చూపుకే ముప్పు. నాగజెముడు మట్ట కోస్తే పాలు రావు, బెండకాయ కోసినట్టు జిగురు సాగుతుంది. జెముళ్ల పేర్లు ఊరూరికీ మారతాయి. పేరు నమ్మి ఏదీ కోసుకు తాగకండి.

అపోహ: షుగరు తగ్గిస్తుంది కాబట్టి మాత్ర అక్కర్లేదు.

మొదటి సగంలో నిజముంది. 1988లో మెక్సికో పరిశోధకులు టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లకు పరగడుపున 500 గ్రాముల కాల్చిన నోపాల్ పెట్టారు. 3 గంటల్లో రక్తంలో గ్లూకోజ్ తగ్గింది. తర్వాతి పరీక్షల్లో టిఫినుతో పాటు 300 గ్రాములు పెట్టినప్పుడూ తిన్నాక షుగరు అంతగా పెరగలేదు. ఆ జిగురూ పీచూ పిండిపదార్థాన్ని పట్టి ఉంచి, చక్కెరను రక్తంలోకి నెమ్మదిగా వదులుతాయి. కాకపోతే అవి కొద్దిమంది మీద, కొన్ని గంటలపాటు చేసినవి. పైగా వాళ్లు తిన్నది మట్ట. రసం వడకడితే పీచులో చాలా భాగం గుడ్డలోనే ఉండిపోతుంది. షుగరు మందులకు ఇది తోడైతే గ్లూకోజ్ మరీ పడిపోయే ప్రమాదమూ ఉంది.

అపోహ: కొవ్వు కరిగిస్తుంది.

కరిగించదు. 100 గ్రాముల నోపాల్‌లో దాదాపు 16 కేలరీలే. అన్నం తగ్గించి ఆ చోట తింటే కడుపు నిండుతుంది, అంతే. ఆ పని మన బెండకాయ, గోరుచిక్కుడు ఎప్పటినుంచో చేస్తున్నాయి.

రైతుబజారులో దొరికే డ్రాగన్ ఫ్రూటూ కాక్టస్ పండే. మంచిదే, ముక్కలుగా తినండి. పంచదార వేసి జ్యూస్ చేస్తే లాభం పోతుంది.

గాజువాక ఆవిడ రసం మానేశారు, మాత్ర మానలేదు. రాత్రి పళ్లెంలో ఒక గరిటె అన్నం తగ్గించి, బెండకాయ ఇగురు రెండింతలు వడ్డించుకుంటున్నారు. 3 నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని మళ్లీ రమ్మన్నాను.